అర్ఘ్యం ఇచ్చేది సూర్యుడికా, అలారానికా?

"ఉత్తమా తారకోపేతా, మధ్యమా లుప్తతారకా, అధమా సూర్యసహితా" - ప్రాతఃసంధ్య, అంటే పొద్దుటి సంధ్యావందనం గురించి మనందరం విన్నదే. ఇందులో గంటలెక్కడున్నాయో చెప్పండి! చుక్కలుండగా చేస్తే ఉత్తమం, అవి కనుమరుగయ్యాక మధ్యమం, సూర్యుడొచ్చాక అధమం. మనమేమో ఫోనులో ఆరింటికి అలారం పెట్టేసి, ఏడాది పొడుగునా సంధ్య అప్పుడే అనుకుంటున్నాం.

హైదరాబాదులో జనవరి మధ్యలో సూర్యోదయం 6:45 దాటితే గానీ అవదు, మే చివర్లో 5:40 ప్రాంతానికే అయిపోతుంది. అంటే ఆ ఒక్క అలారమే సంక్రాంతికి ఉత్తమ సంధ్య చేయించి, రోహిణి కార్తెకి అధమం చేయిస్తోంది, చేసేవాడికి ఆ సంగతే తెలీదు. అసలు మన గడియారం చూపించేది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరి సమయం, ఆ రేఖ కాకినాడ దాపున పోతుంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున హైదరాబాదు దానికి 16 నిమిషాలు వెనక. రైళ్లకీ ఆఫీసులకీ ఆ లెక్క కావాల్సిందే, దానితో నాకు పేచీ లేదు, కానీ మనం అర్ఘ్యం ఇచ్చేది రైలుకి కాదు కదా.

రాహుకాలం ఇంకా విచిత్రం. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది అని అందరికీ కంఠతా వచ్చు. పగటిని ఎనిమిది భాగాలు చేస్తే రెండోది అది. ఆరింటికి తెల్లారి, పగలు పన్నెండు గంటలుంటేనే ఏడున్నర కుదురుతుంది. జనవరిలో హైదరాబాదులో ఎనిమిదీ పది దాటాక మొదలవుతుంది. తొమ్మిదైంది, టెన్షన్ తీరిందని బయల్దేరేవాళ్లు సరిగ్గా దాని మధ్యలో గడప దాటుతున్నారు.

సరే, అది వదిలేయండి. నాకు ప్రాణం లేచొచ్చేది సాయంసంధ్య దగ్గర వరస తిరగబడటం. అక్కడ సూర్యుడుండగా చేసిందే ఉత్తమం, చుక్కలొచ్చాక అధమం. పొద్దున ఆయన రాకముందే నిలబడాలి, సాయంత్రం ఆయన వెళ్లకముందే నిలబడాలి. ఇంటికి పెద్దలొస్తే గుమ్మందాకా ఎదురెళ్తాం, వెళ్తుంటే వాళ్లు చెప్పులేసుకునేలోపే వచ్చి సాగనంపుతాం, లోపల కూర్చుని గడియారం చూస్తామా? ప్రత్యక్ష దైవం అని నోటితో అంటూ ఆయన ఎక్కడున్నాడో తలెత్తి చూడకపోతే ఎలా? మాకు తూర్పున ఎదురు బిల్డింగు అడ్డం, అందుకే చెంబు పట్టుకుని మేడెక్కుతాను. చుక్కలు ఒక్కొక్కటే పల్చబడుతుంటే గాయత్రి దానంతటదే నెమ్మదిస్తుంది, లెక్క వేళ్ల మీద నడుస్తుంటుంది, మనసు మాత్రం తూర్పునే ఉంటుంది. ఆ కాసేపట్లో ఆయన కోసం ఎదురుచూడటమే జపం అనిపిస్తుంది నాకు.

కాబట్టి రేపట్నుంచి మీ ఊరి సూర్యోదయం చూసుకోండి. పంచాంగం ఏ ఊరికి గణించిందో కూడా చూడండి, విశాఖకీ హైదరాబాదుకీ 20 నిమిషాల దాకా తేడా ఉంటుంది. మబ్బు లేని రోజున ఆకాశాన్నే నమ్మండి. నైట్ షిఫ్టు వల్లో, ఒంట్లో బాగోకో కాలం దాటిపోతే ప్రాయశ్చిత్తార్ఘ్యం ఉండనే ఉంది, అదొకటి ఎక్కువ ఇచ్చి కానివ్వండి, టైము దాటిందని మానకండి.