గాజుకూ తీగకూ పొత్తు కుదిరే దాకా

అంకెలను వెలుగుతో చూపే పాతకాలపు గాజు దీపం, నిక్సీ గొట్టం నిర్మాణం వినడానికి తేలికగానే ఉంటుంది. అంకెల ఆకారంలో కత్తిరించిన పలుచని లోహపు రేకులను ఒకదాని వెనుక ఒకటి నిలబెట్టి, ముందు సన్నని జాలీని యానోడ్‌గా (ధన ధ్రువంగా) అమర్చి, గాలి తీసేసి అల్పపీడనంలో నియాన్ నింపి మూసివేస్తే, సుమారు 170 వోల్టుల డీసీ అందినప్పుడు కోరిన అంకె చుట్టూ నారింజ రంగు వెలుగు అల్లుకుంటుంది. 1955లో బరోస్ సంస్థ మార్కెట్లోకి తెచ్చిన ఈ గొట్టాలు 1970లలో ఎల్‌ఈడీల ధాటికి వెనుకబడ్డాయి. చెక్ దేశంలో డాలిబోర్ ఫార్నీ వీటిని మళ్లీ చేతితో తయారు చేస్తున్నారని తెలిశాక, విజయనగరంలోని మా పెరటి రేకుల షెడ్డులో నేనూ ఈ పనికి పూనుకున్నాను.

రేకు అనగానే శ్రీకాకుళం జిల్లా బూడితి ఇత్తడి గుర్తుకు వచ్చింది గాని, ఇత్తడిలోని జింకు శూన్యంలో వేడి తగిలితే ఆవిరై గాజుకు పడుతుంది. అందువల్ల స్టెయిన్‌లెస్ స్టీలు రేకునే ఫెర్రిక్ క్లోరైడులో కరిగించి అంకెలు తీశాను. అంకెలు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో పెట్టే బిళ్లలకు పాత ఇస్త్రీపెట్టెలోని అభ్రకం సరిపోయింది.

అసలు కష్టమంతా తీగ గాజులోంచి బయటికి వచ్చే చోటే ఉంది. మామూలు సోడా గాజు ఒక్కో డిగ్రీ వేడికి పది లక్షల్లో తొమ్మిది వంతుల మేర సాగితే, రాగి దాదాపు పదిహేడు వంతులు సాగుతుంది. అందుకే లావుపాటి రాగి తీగను గాజులో పొదిగితే చల్లారేటప్పుడు పగులు తప్పదు. బల్బుల తయారీలో వాడే డ్యూమెట్ తీగలో నికెల్-ఇనుము మిశ్రమానికి పలుచని రాగి తొడుగు ఉంటుంది కాబట్టి, దాని సాగుడు గాజుకు దగ్గరగా ఉంటుంది. నేను దాన్నే వాడాను. ఒకప్పుడు విశాఖలో నియాన్ బోర్డులు చేసిన ఒక పెద్దాయన నా పక్కన కూర్చుని, "మంట తగ్గించు బాబూ, గాజే వచ్చి తీగను పట్టుకోవాల" అని చెబుతూ చేయించారు. అతుకు సరిగ్గా కుదిరితే తీగ ఇటుక ఎరుపులో కనబడుతుంది. అంతటితో అయిపోదు, 500 డిగ్రీలు దాటిన వేడిలో కొంతసేపు నిలిపి, నెమ్మదిగా చల్లార్చకపోతే గాజులో దాగిన ఒత్తిడి ఎప్పుడో ఒకప్పుడు గొట్టాన్ని చీలుస్తుంది. కాంతిని ఒకే దిశలో వడకట్టే రెండు పోలరాయిడ్ రేకులను ఒకదానికొకటి అడ్డంగా తిప్పి, వాటి మధ్య పెట్టి చూస్తే ఆ ఒత్తిడి తెల్లని మరకలుగా బయటపడుతుంది. నా దృష్టిలో ఈ పనిలో కొనవలసిన మొదటి సాధనం ఆ రేకుల జతే.

ఫ్రిజ్ మెకానిక్కులు వాడే రెండు దశల పంపుతో గాలి తీశాను. మన కోస్తా తేమ గాజుకు, లోహానికి అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి పంపు నడుస్తుండగానే గొట్టాన్ని బాగా కాల్చాలి. వెలుగు ఊదా రంగులో వచ్చిందంటే లోపల ఇంకా గాలి మిగిలినట్లే. కాల్చిన కొద్దీ అది తగ్గి, చివరికి స్వచ్ఛమైన నారింజ నిలిచింది. ఆయుష్షు పెంచడానికి కంపెనీలు కలిపిన పాదరసాన్ని ఇంట్లో ముట్టదలచుకోలేదు. దానికి బదులు రెసిస్టరుతో కరెంటును రెండు మిల్లీఆంపియర్ల దగ్గర కట్టడి చేశాను.

ఇప్పుడున్న గొట్టంలో తిన్నని గీతలతో సులువుగా తీయగలిగిన 1, 4, 7 మాత్రమే వెలుగుతాయి. పది అంకెలు కావాలంటే యానోడ్‌తో కలిపి పదకొండు తీగలు ఒకే అడుగున దిగాలి, వాటిలో ఒక్కటి గాలి పీల్చినా మిగిలిన పదీ వృథా. మెత్తబడిన గాజును ఒక్కసారిగా నొక్కే అచ్చు చేయించాకనే దాని జోలికి వెళ్తాను.