రిపోర్టులన్నీ నార్మల్ అన్నంత మాత్రాన డిసోసియేషన్ అయిపోదు

బడిలో ప్రార్థన వేళ కుప్పకూలే అమ్మాయి, పిలిచినా పలక్కుండా గోడవైపు చూస్తూ ఉండిపోయే పిల్లాడు, ఉన్నట్టుండి గొంతు మార్చి మాట్లాడే పిల్ల. ఊళ్లో గాలి సోకిందంటారు. ఆస్పత్రిలో పాత అలవాటు కొద్దీ హిస్టీరియా అంటారు. రెండుచోట్లా తొందరే. డిసోసియేషన్ (ఒత్తిడిలో మనసు స్పృహ, జ్ఞాపకం, ఒంటి కదలికల నుంచి తెగిపోవడం) అనాలంటే స్కాన్ బాగుండటం చాలదు, దాని లక్షణాలు కళ్లకు కనబడాలి.

అందుకు ఎమ్మారై కన్నా ముందు పనికొచ్చేది ఇంట్లో తీసిన ఫోన్ వీడియో. మొదలైన దగ్గర్నుంచి తేరుకునేదాకా ముఖం, కాళ్లూచేతులూ కనబడేలా తీయాలి. మధ్యలో పేరు పెట్టి పిలవాలి. 'మామిడిపండు' లాంటి మాట ఒకటి చెప్పి, తేరుకున్నాక గుర్తుందేమో అడగాలి. మూర్ఛలో కళ్లు సాధారణంగా తెరిచే ఉంటాయి, ఎక్కువగా రెండు మూడు నిమిషాల్లో ఆగిపోతుంది. డిసోసియేటివ్ ఫిట్స్‌లో కళ్లు గట్టిగా మూసుకోవడం, తల అటూ ఇటూ ఊగడం, ఆగి ఆగి మళ్లీ మొదలవడం ఎక్కువ. అయితే మెదడు ముందు భాగంలో పుట్టే ఫ్రంటల్ లోబ్ మూర్ఛ కూడా అచ్చం నాటకంలాగే ఉండొచ్చు, అందులోనూ నిద్రలో వస్తే. కాబట్టి ఒక్క లక్షణం పట్టుకుని తేల్చేయకూడదు. మొదటిసారి వచ్చినా, ఐదు నిమిషాలు దాటినా ముందు ఎమర్జెన్సీకే.

గోడవైపు చూస్తూ ఉండిపోయే పిల్లలను డాక్టర్ ఎదుట మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి తీసి వదలమనాలి. ఆబ్సెన్స్ మూర్ఛ (కొద్ది సెకన్లు చూపు నిలిచిపోయి పలక్కుండా ఉండే రకం) అయితే చాలామందిలో అక్కడే వచ్చి, కొద్ది సెకన్లలో పోతుంది. సికిల్ సెల్ (రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు, గిరిజనుల్లో ఎక్కువ) ఉన్నవారికి మాత్రం ఈ పరీక్ష వద్దు. ఏజెన్సీ ప్రాంతపు పిల్లలైతే ముందే అడగాలి.

మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే అరగంట ఈఈజీ నార్మల్ వస్తే మూర్ఛ లేదని కాదు. చిన్న తేడా కనబడితే ఉందనీ కాదు. ఈ రెండో పొరపాటే ఎక్కువ నష్టం చేస్తుంది: ఏళ్ల తరబడి మందులు, ఆడపిల్లలకు రేపు గర్భంలోని బిడ్డకు హాని చేయగల వాల్‌ప్రోయేట్ కూడా. అనుమానం తీరాలంటే ఎపిసోడ్ వచ్చేదాకా వీడియో ఈఈజీ పెట్టాల్సిందే. షుగర్ ఎపిసోడ్ నడుస్తుండగానే చూడాలి, తర్వాత చూస్తే సరైపోయి ఉండొచ్చు. కాల్షియం, సోడియం, 12 లీడ్ ఈసీజీ అందరికీ చేయించడం మంచిది. పరుగులోనో, ఈతలోనో, పెద్ద శబ్దానికో పడిపోతే ఈసీజీలో క్యూటీ (గుండె లయ తప్పే ప్రమాదాన్ని చెప్పే కొలత) చూడకుండా పంపకూడదు.

మానసికమని ముద్రపడి దారి తప్పేవి మూడున్నాయి. మార్కులు తగ్గుతూ, ఒళ్లు ఉలిక్కిపడుతుంటే చిన్నప్పుడు తట్టు పోసిందేమో అడగాలి, అది తట్టు వైరస్ ఏళ్ల తర్వాత మెదడును దెబ్బతీసే ఎస్ఎస్‌పీఈ కావచ్చు. చేతివణుకు, ముద్దమాట, అమ్మానాన్నలది మేనరికం అయితే ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధికి సెరులోప్లాస్మిన్ రక్తపరీక్ష, కంటి స్లిట్ ల్యాంప్ పరీక్ష. కొద్ది రోజుల్లోనే నిద్ర కరువై, మాట తగ్గి, మూతి వింతగా కదులుతుంటే, రోగనిరోధక శక్తే మెదడుపై దాడి చేసే యాంటీ ఎన్ఎండీఏ ఎన్‌కెఫలైటిస్ కోసం వెన్నునీరు తీయాలి.

మనసు వైపు పరిశీలన వీటి తర్వాత కాదు, మొదటిరోజే. పిల్లతో విడిగా కూర్చుని 'ఏం జరిగిందో చెప్పమ్మా' అనాలి, జవాబు అందించకూడదు. తల్లిదండ్రులు నింపే చైల్డ్ డిసోసియేటివ్ చెక్‌లిస్ట్‌లో 20 అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 2. మొత్తం 12 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే లోతుగా చూడాలి, అంతవరకే దాని పని. చిన్నపిల్లల ఊహల్లోని స్నేహితుడు రోగం కాదు. జాతరలో వచ్చి అక్కడే దిగిపోయే పూనకమూ కాదు. ప్రతి కేసు వెనకా లైంగిక వేధింపు ఉంటుందనుకోవద్దు. కానీ పిల్ల చెబితే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012, సెక్షన్ 19 ప్రకారం పోలీసులకు తెలపక తప్పదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంది.

చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, రొమ్ము ఎముక మీద గట్టిగా నొక్కడం వల్ల ఏదీ తేలదు, పిల్ల మనల్ని నమ్మడం మానేస్తుంది. మూర్ఛ, డిసోసియేషన్ ఒకే పిల్లలో ఉండొచ్చు కూడా. అప్పుడు రెండు రకాల వీడియోలూ పక్కపక్కన పెట్టి ఇంట్లోవాళ్లకు చూపించాలి. లేకపోతే ఏది వచ్చినా మూర్ఛ మందు డోసే పెరుగుతూ పోతుంది.