చేమాకు మీద వాన

నిన్న సాయంత్రం బెజవాడలో వాన దంచేసింది. కరెంటు పోయింది, చేసేదేం లేక పెరట్లో చేమ మొక్క దగ్గర నిలబడ్డా. చినుకు ఆకు మీద పడగానే ముత్యంలా గుండ్రంగా అయిపోయి, దారిలో ఉన్న దుమ్మంతా పోగుచేసుకుని జారిపోతోంది. ఆకు మటుకు పొడిపొడిగానే ఉంది. పక్కనే మందారం ఆకులు తడిసి ముద్దయ్యాయి.

ఆకు నున్నగా ఉంటే నీళ్లు జారతాయనుకుంటాం. తామర, చేమ ఆకుల దగ్గర ఆ లెక్క చెల్లదు. వాటి నిండా కంటికి ఆనని బుడిపెలు, పైన సన్నటి మైనం పూత. బొట్టు బుడిపెల కొనల మీదే కూర్చుంటుంది, సందుల్లో గాలి ఉంటుంది. జర్మనీ వృక్షశాస్త్రవేత్తలు బార్త్‌లాట్, నైన్‌హుయిస్ 1997లో దీన్ని వివరంగా రాశారు. ఇప్పుడు గోడలకేసే కొన్ని రంగుల్లోనూ ఇదే కిటుకు.

ఊరుకోకుండా ఒక ఆకుని వేలితో గట్టిగా రుద్దా. మైనం పోయినట్టుంది, అక్కడ మటుకు నీళ్లు అంటుకుని పరుచుకున్నాయి. (పాపం చేమాకు!)

క్యాబేజీ ఆకుకీ ఈ మైనం ఎక్కువే. మా బాబాయ్ పైరుకి పురుగుమందు కొట్టేముందు డ్రమ్ములో జిగురు మందు ఎందుకు కలుపుతాడో నాకిప్పుడు అర్థమైంది. ఫోన్ చేసి చెప్తే, "కలపకపోతే మందంతా నేలపాలేరా, దీనికి జర్మనీ దాకా వెళ్లాలా?" అన్నాడు.