మా డ్రాయింగ్ మాస్టారు, గ్రంథాలయ పోస్టర్లు

నవంబరు 14న బాలల దినోత్సవం, ఆ రోజు నుంచే 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. వ్యాసరచన, వక్తృత్వం పోటీల గురించి మన బడి పూర్వ విద్యార్థుల సంచికల్లో చాలామంది రాశారు. ఆ వారోత్సవాలకు మేం వేసిన పోస్టర్ల గురించి ఎవరూ రాసినట్టు లేరు. నా మటుకు నాకు బడిలో నేర్చుకున్న మంచి విషయాల్లో అదొకటి.

మా డ్రాయింగ్ మాస్టారిది ఒకటే మాట: "రోడ్డు మీద సైకిల్ తొక్కుకుంటూ పోయేవాడికి కూడా అందాలిరా." చార్టు నిండా సరస్వతీదేవి, గాంధీగారు, గ్లోబు, దీపం కుక్కి తెస్తే పక్కన పెట్టేసేవారు. మూడు రంగులు దాటనిచ్చేవారు కాదు. ఇక అక్షరాల దగ్గర మహా పట్టుదల. తెలుగులో గుడులు పైకి లేస్తాయి, వత్తులు కిందికి దిగుతాయి. వరుసల మధ్య చోటు చాలకపోతే ఒకదానికొకటి తగిలి, దూరం నుంచి చూస్తే అంతా అలుక్కుపోయినట్టుంటుంది. అందుకని ముందు పెన్సిల్‌తో గీతలు కొట్టించి, అక్షరాలకు పోగా మిగిలిన జాగాలోనే బొమ్మ వేయించేవారు.

అలా వేసిన వాటిలో ఒక సీనియర్ అక్క వేసిన పోస్టరు నాకిప్పటికీ కళ్లకు కడుతుంది. నీలం కాలువ, పుస్తకాలు నింపుకున్న పడవ, గట్టు మీద చేతులు చాచిన పిల్లలు. కింద ఒక్క వాక్యం. అది ఊహించి వేసిన బొమ్మ కాదు. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువ మీద నిజంగానే పడవ గ్రంథాలయం నడిపించారు. ఆ సంగతి మాస్టారే మాకు చెప్పారు.

చాలా ఏళ్ల తర్వాత అమెరికా పాత పోస్టర్లు చూస్తుంటే మాస్టారి క్లాసులో కూర్చున్నట్టే అనిపించింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1918లో చార్లెస్ ఫాల్స్ అనే చిత్రకారుడు వేసిన పోస్టరులో ఒక సిపాయి పుస్తకాల దొంతర మోసుకొస్తుంటాడు. సైనికులకు పుస్తకాలివ్వండని అడగడానికి ఆ దొంతర చాలు, పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. 1930ల ఆర్థిక మాంద్యంలో అక్కడి ప్రభుత్వం పనుల్లేని చిత్రకారులకు జీతాలిచ్చి పోస్టర్లు వేయించింది. వాటిలో లైబ్రరీలకు రమ్మనేవి, పుస్తకాలను జాగ్రత్తగా చూసుకోమనేవి బోలెడు. చాలావరకు స్క్రీన్ ప్రింటింగే, అంటే బట్ట తెరకు పెట్టిన స్టెన్సిల్ గుండా రంగు నెట్టి అచ్చు వేయడం. ఒక్కో రంగుకు ఒక్కో స్టెన్సిల్ కావాలి కాబట్టి రంగులు పొదుపుగా వాడారు, అనవసరమైన గీత ఒక్కటీ ఉంచలేదు. ఆ కట్టుబాటులోంచే వాటి అందం పుట్టిందని నా నమ్మకం. నునుపైన కాగితం మీద ఫొటోలు గుప్పించే ఇప్పటి ఫ్లెక్సీల్లో నాకది దొరకదు.

ఆ పథకంలో దాదాపు 35,000 డిజైన్లతో 20 లక్షల పోస్టర్లు అచ్చయితే, ఇప్పుడు మిగిలినట్టు తెలిసినవి రెండు వేల దాకానే. అందులో తొమ్మిది వందలకు పైగా వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాచింది. పని అయిపోగానే చింపేసే కాగితాన్ని కళ అని గుర్తించి దాచినవాళ్లు ఉండబట్టే నాలాంటివాళ్లు చూడగలిగారు.

మన పోస్టర్లు మాత్రం వారోత్సవాలు అయ్యాక నోటుపుస్తకాలకు అట్టలయ్యేవి. ఎవరి పెట్టెలోనైనా ఒకటో రెండో మిగిలి ఉంటే దయచేసి పారేయకండి. వెలుతురులో నిలబెట్టి ఫొటో తీసి సంచిక కమిటీకి పంపండి. వేసినవాళ్ల పేరు, బ్యాచ్ రాయండి. ఈ నవంబరులో వాటిని పెద్దగా ప్రింటు తీయించి మన బడి లైబ్రరీ గోడకు కట్టిద్దాం. ఆ ఖర్చు నేను పెట్టుకుంటాను.