చెక్క ఫ్లవర్ వాజ్

వాజ్ లోపల చెక్కేటప్పుడు ఏం జరుగుతోందో కంటికి కనపడదు. గోడ పలచబడేకొద్దీ ఉలి శబ్దం మారుతుంది, అది వింటూ చెక్కాలి. సిరోంచలో మామ షెడ్డులో ఇవాళ లేత్, అంటే చెక్కని గిర్రున తిప్పే మిషన్ ముందు ఇదే పని.

బయటి ఆకారం తేలిక. తర్వాత మధ్యలో డ్రిల్ దించి, అడుగుకి కాస్త పైన ఆపాలి. లోతుకి ఆ బెజ్జమే కొలత. అక్కడి నుంచి పొడవాటి ఉలితో కొంచెం కొంచెంగా తీయడమే. పొట్టు లోపలే ఇరుక్కుంటుంది, మాటిమాటికీ మిషన్ ఆపి దులపాలి. నాకు విసుగొచ్చేది ఇక్కడే.

"పచ్చి చెక్క రా. గోడ అంతా ఒకే మందం ఉండాలె. ఒక దిక్కు లావు, ఒక దిక్కు సన్నం అయితే ఎండినప్పుడు పగుల్తది" అన్నాడు మామ, మందం కొలిచే కాలిపర్ చేతికిస్తూ.

పైగా టేకు. అందులో ఇసుకలో ఉండే సిలికా ఉంటుంది, ఉలి పదును ఇట్టే పోతుంది. ఆలాపల్లి టేకు అంటే ఇక్కడ అందరికీ గర్వమే, సానరాయి దగ్గర నిలబడేది మాత్రం మనం!

అత్త వచ్చి చూసి, "ఇందులో నీళ్లు పోసి పూలు పెట్టొచ్చా?" అంది.

పోయకూడదు అత్తా, ఎండు పూలే.

"మరి ఇంత కష్టం దేనికిరా?"

మామ మొహం చూశాను. ఆయన మిషన్ ఆన్ చేసేశాడు.