సాక్ష్యంలో మాత్రల పేర్లు చెప్పాను

నాకు టీబీ అని తేలిన వారం పరామర్శకు వచ్చినవాళ్లు తిప్పి తిప్పి ఒకే మాట అన్నారు. "బతుకంతా దేవుని పనిలో అరగదీసుకున్నారు, మీకే రావాలా పెద్దమ్మా ఈ జబ్బు?" ప్రేమతోనే అన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండేది. నేనేదో ప్రభువు దగ్గర చీటీ కడుతున్నట్టు, ఇప్పుడు పాట నాకు రానట్టు!

వయసులో ఉన్నప్పటి నుంచీ విశాఖ వన్‌టౌన్‌లో మా సంఘానికి బైబిల్ ఉమన్‌ని. పాతపోస్టాఫీసు చుట్టుపక్కల సందులు, కురుపాం మార్కెట్ వెనక ఇళ్లు, ఫిషింగ్ హార్బరు వైపు గడపలు అన్నీ నడిచే తిరిగాను. రోగుల పక్కన కూర్చోవడం, వాక్యం చదవడం, కేజీహెచ్ వార్డులో ఎవరూ లేనివాళ్లకు గంజి తాగించడం, చనిపోయినవాళ్లకు స్నానం చేయించడం నా పని. దగ్గేవాళ్ల పక్కన అంతకాలం కూర్చున్నదానికి దగ్గు రావడంలో వింతేముంది?

సాయంత్రమయ్యేసరికి జ్వరం తగిలేది. జాకెట్లు వదులైపోయాయి. ఉపవాస ప్రార్థనల వల్ల చిక్కిపోయానని అందరూ అనుకున్నారు. పాస్టరమ్మ గారు ఊరుకోలేదు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి తెమడ పరీక్ష చేయించారు.

మందు ఆరు నెలలు. మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరాజినమైడ్, ఇథాంబుటాల్ నాలుగూ కలిపిన మాత్రలు. ఎన్ని వేసుకోవాలో మన బరువును బట్టి చెబుతారు. తరువాతి నాలుగు నెలలు పైరాజినమైడ్ ఉండదు. రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుందని ఆశా కార్యకర్త ముందే చెప్పింది కాబట్టి సరిపోయింది, లేకపోతే రక్తమనుకుని కేకలు పెట్టేదాన్నే. పొద్దున్నే మాత్రలు పడగానే కడుపులో తిప్పేది. ఇడ్లీ వాసన కూడా గిట్టేది కాదు. అన్నిటికన్నా బాధపెట్టింది కీళ్ల నొప్పులు. పైరాజినమైడ్ కొందరికి అలా చేస్తుందట. చిన్నప్పటి నుంచీ మోకాళ్ల మీద తప్ప ప్రార్థన చేయని మనిషిని, మంచం మీద కాళ్లు చాపుకుని "ప్రభువా" అంటుంటే మొదట్లో సిగ్గేసింది. తరువాత అలవాటైంది. ఇప్పటికీ అలాగే చేస్తున్నాను, హాయిగా ఉంది.

కేంద్ర ప్రభుత్వం టీబీ రోగులకు తిండి కోసం ఇచ్చే డబ్బు 2024 నవంబరు నుంచి నెలకు వెయ్యి అయింది. ఇన్నేళ్ల పరిచర్యలో జీతమంటూ ఎరగని నా ఖాతాలో, జబ్బు చేశాక డబ్బు పడింది! గుడ్లు, పల్లీలు కొనుక్కున్నాను.

నేను ఎన్నోసార్లు ప్రార్థన పెట్టిన ఒక ఇంట్లో నా గ్లాసు విడిగా పెట్టారు. టీబీ గ్లాసుతో రాదు, గాలితో వస్తుంది. అప్పటికి మందు మొదలై చాలా కాలమైంది, నా నుంచి అంటుతుందన్న భయం లేదని డాక్టరు చెప్పాడు కూడా. ఆ మాట వాళ్లకు చెప్పి, ఆ గ్లాసుతోనే నీళ్లు తాగి వచ్చాను.

ఇంకొకాయన మాత్రలు ఆపేసి విశ్వాసంతో నిలబడమని సలహా ఇచ్చాడు. బైబిల్లో అపొస్తలుడైన పౌలే రోగియైన తన తోటి పనివాడు త్రోఫిమును మిలేతు ఊళ్లో విడిచి వచ్చాడు కదా, ఎవరి విశ్వాసం తక్కువైందంటారని అడిగాను. కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని తన శిష్యుడు తిమోతికి రాసిందీ ఆ పౌలే. సలహా ఇచ్చినాయన మళ్లీ రాలేదు.

మంచాన పడి ఉన్నప్పుడు మన ఊరికి వచ్చిన తొలి మిషనరీలు తరచు గుర్తొచ్చేవారు. లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకుని, క్రైస్తవుడిగా మారిన బ్రాహ్మణుడు ఆనందరాయర్ తోడుగా సువార్తలు తెలుగు చేయడానికి కూర్చున్నారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. తాము శ్రమించిన పుస్తకాన్ని ఇద్దరూ చేత్తో పట్టుకోలేదు. సేవకు ప్రతిఫలంగా ఆరోగ్యం రావాలనేవాళ్లు వీళ్ల లెక్క ఎలా తేలుస్తారో! ప్రతిఫలం అడిగితే అది కూలి పని. కూలి పని తప్పు కాదు, కానీ నేను ఒప్పుకున్నది అది కాదు.

చివరి పరీక్షలో తెమడలో క్రిములు లేవని వచ్చింది. ఆదివారం సంఘం ముందు సాక్ష్యం, అంటే దేవుడు చేసిన మేలు, చెప్పమని పాస్టరు అయ్యగారు పిలిచారు. అద్భుతం జరిగిందని చెబుతానని అందరూ ఎదురుచూశారు. దేవునికి స్తోత్రం చెప్పి, నాలుగు మందుల పేర్లూ వరసగా చెప్పాను. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే ప్రార్థనకూ రండి, పరీక్షకూ వెళ్లండి అన్నాను. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు.

ఆరాధన అయ్యాక కొందరు పక్కకు పిలిచి పరీక్ష ఎక్కడ చేస్తారని అడిగారు. వాళ్లలో చేపల బుట్ట మోసే ఒకావిడకు టీబీ తేలింది. ఇప్పుడు రెండో నెల మందులో ఉంది. వాంతులవుతున్నాయి, మానేస్తానంటోంది. రోజూ పొద్దున్నే వెళ్లి, ఆమె మాత్రలు మింగేదాకా కూర్చుంటున్నాను. నన్ను తెగ తిడుతోంది.