ముక్కులోంచి కారిన పాలు

మా కుక్క ఈనిన మూడు గంటలకు నాలుగు పిల్లలు దాని పొట్టకు కరుచుకుని పాలు తాగుతున్నాయి. ఐదోది మాత్రం చన్ను పట్టుకోవడం, తుమ్మి వదిలేయడం, మళ్లీ వెతుక్కోవడం. దాని ముక్కు దగ్గర తెల్లటి నురగ కనిపించింది. చిటికెన వేలితో నోరు తెరిచి టార్చి వేసి చూస్తే అంగిలి నడుమ సన్నటి చీలిక ఉంది. పాలు ఆ చీలికలోంచి ముక్కులోకి ఎక్కుతాయని, ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుందని పశువైద్యురాలు చెప్పారు. ట్యూబుతో పాలు పట్టాం. వారం తిరగకుండానే పోయింది.

పోతు కుక్క యజమానికి చెబితే, తన కుక్క వల్ల అంతకుముందు పుట్టిన పిల్లల్లో ఏ లోపమూ లేదు కాబట్టి తప్పు మా వైపే ఉందన్నారు. ఆ వాదన నిలవదు. అంతర్గత జన్యులోపమైతే, అంటే జన్యువు రెండు ప్రతులూ చెడితేనే బయటపడేదైతే, తల్లిదండ్రులు రెండూ చెరొక లోపభూయిష్ట ప్రతిని మోస్తూనే పూర్తి ఆరోగ్యంగా ఉంటాయి. అలాంటి జంట కలిసినప్పుడే, ఒక్కో పిల్లకు నాలుగింట ఒక వంతు అవకాశంతో, లోపం బయటపడుతుంది. నోవా స్కోషియా డక్ టోలింగ్ రిట్రీవర్ జాతిలో అంగిలి చీలికకూ, కింది దవడ పొట్టిగా ఉండటానికీ కారణమైన ఒక మార్పును డిఎల్‌ఎక్స్6 అనే జన్యువులో 2014లో గుర్తించారు. ఒంటి రంగు మచ్చలు మచ్చలుగా పలచబడి కనిపించే మెర్ల్ రంగు సంగతి ఇంకా స్పష్టం: రెండు మెర్ల్ కుక్కలను జత కట్టిస్తే సగటున నాలుగింట ఒక పిల్లకు ఆ జన్యువు రెండు వైపుల నుంచీ వస్తుంది, అలాంటి పిల్లల్లో చెవుడు, చిన్న కళ్లు, అంధత్వం ఎక్కువగా కనిపిస్తాయి. రంగునిచ్చే కణాలే లోపలి చెవి పనిచేయడానికీ కావాలి మరి. తెలిసి తెలిసి అందం కోసం ఆ జత కట్టించేవాళ్లను నేను క్షమించలేను.

అయితే పుట్టుకతో వచ్చిన ప్రతి లోపమూ వంశపారంపర్యం కాదు. సుమారు 63 రోజుల గర్భంలో అంగిలి రెండు పక్కలా పెరిగి కలిసేది దాదాపు నాలుగో వారంలో, అంటే చూలు నిలిచిందో లేదో మనం ఇంకా తేల్చుకుంటున్న రోజుల్లో. ఆ సమయంలో తామరకు వాడే గ్రైసియోఫుల్విన్ గానీ, స్టెరాయిడ్లు గానీ, మోతాదు మించిన విటమిన్ ఎ గానీ అందితే చీలిక ఏర్పడవచ్చు. ఇక్కడే నాకు గుండె గుబేలుమంది: బొచ్చు నిగనిగలాడుతుందని ఆ నెలంతా, విటమిన్ ఎ దండిగా ఉండే కాడ్ లివర్ నూనె కొలత లేకుండా అన్నంలో కలిపింది నేనే. అదే కారణమని రుజువు చేయలేను, కాదనీ అనలేను. ఫోలిక్ ఆమ్లాన్ని ఎదకు రాకముందు నుంచే ఇస్తే కొన్ని చదును మూతి జాతుల్లో చీలికలు తగ్గాయని వైద్యురాలు చెప్పారు. చూలు తెలిశాక మొదలుపెడితే ఆలస్యమే.

ఆ జంటను మళ్లీ కలపలేదు. మిగిలిన నాలుగు పిల్లలను ఇచ్చేటప్పుడు, వాటితో పుట్టిన ఐదోదానికి అంగిలి చీలి ఉందని, వీటిని జత కట్టించవద్దని కాగితం మీద రాసి తీసుకెళ్లేవారి చేతికిచ్చాను. ఒకరు అది చదివి, పిల్లను నా ఒళ్లో పెట్టి వెళ్లిపోయారు. అది ఇప్పుడు తల్లి పక్కనే పడుకుంటోంది.